తాత మిలటరీ ఫోటో ఏ కాలందో తుపాకీని, టోపీని అడగండి

మన కామవరపుకోట మెట్ట నుంచి తాడేపల్లిగూడెం, ఏలూరు, కొల్లేటి లంకల దాకా కొన్ని పాత ఇళ్ళల్లో గోడకి ఒక ఫోటో వేలాడుతూ ఉంటది. యూనిఫారంలో నిటారుగా నిలబడ్డ తాత, చేతిలో తుపాకీ. ఏ యుద్ధమండీ అని అడిగితే పెద్ద కొడుకు మొదటి ప్రపంచ యుద్ధం అంటాడు, చిన్న కొడుకు చైనా యుద్ధం అంటాడు. రెండింటికీ మధ్య నలభై ఎనిమిదేళ్ళ తేడా!

గూడెం పక్కన మాధవరం సంగతి మనకి తెలిసిందే. మిలటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకీ అక్కడి నుంచి మనుషులు వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు, ఊళ్ళో యుద్ధ స్మారకం కూడా ఉంది. అంత పేరు లేకపోయినా మన చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వెళ్ళినోళ్ళు ఉన్నారు. వాళ్ళ కాగితాలు చెదలు తినేశాయి, మిగిలింది ఫోటో ఒక్కటే.

ఆ ఫోటో కాలం తెలిస్తే ఏంటి లాభం అంటారా? ఏ కాలమో, ఏ రెజిమెంటో తేలితేనే ఏ రికార్డు ఆఫీసుకి రాయాలో తెలుస్తది. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్స్‌ది బెంగళూరు, ఈఎంఈది సికింద్రాబాదు. మాజీ సైనికుడి పేరున ఇచ్చిన పట్టా భూమి ఉన్న కుటుంబాలకి ఇది మరీ అవసరం. ఆఫీసులో ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. డిశ్చార్జి బుక్కు, సర్వీసు నంబరు, రెజిమెంటు పేరు అడుగుతారు. ఫోటో వాటి దగ్గరికి దారి చూపిస్తది, అంతవరకే.

ముందు ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి. పొలం ఫోటోలో నాగలి, ఎడ్లు కనపడితే అది ఏ కాలందో చెప్పలేం, నాగలి ఇవాళ కూడా ఉంది. అదే ఫోటోలో ఓ మూల డ్రిప్ పైపు కనపడిందనుకోండి, ఇది 1950 నాటిది కాదని చిన్నపిల్లాడైనా చెప్తాడు. అంటే ఫోటోలో ఉన్నవాటిల్లో అన్నిటికంటే కొత్త వస్తువు ఎప్పుడు వచ్చిందో, ఫోటో దానికంటే ముందుది అవ్వడానికి వీల్లేదు. పాత వస్తువుని పట్టుకుని కాలం కడితే తప్పుతాం. కొత్తదాన్ని పట్టుకోవాలి.

ఇప్పుడు తుపాకీ చూద్దాం. ఎక్కువ ఫోటోల్లో ఉండేది త్రీనాట్‌త్రీ. 1907లో వచ్చిన రకానికి మూతి మొద్దుగా ఉంటది, చెక్క చివరిదాకా వచ్చి గొట్టం దాదాపు బయటికి కనపడదు. బెంగాల్లో ఇషాపూర్ ఫ్యాక్టరీలో స్వాతంత్ర్యం వచ్చాక కూడా దీన్ని చేశారు. రెండో యుద్ధంలో వచ్చిన నంబర్ 4 రకానికి గొట్టం చెక్క దాటి రెండు మూడు అంగుళాలు బయటికి పొడుచుకొస్తది. మూతి మొద్దుగా ఉంది కదా అని మొదటి యుద్ధమే అనుకోకండి. 1962లో చైనా మీద పోరాడినప్పుడు కూడా మనవాళ్ళ చేతుల్లో త్రీనాట్‌త్రీలే ఉన్నాయి. ఆ తర్వాత కూడా పోలీసుల దగ్గర దశాబ్దాలు నడిచాయి. 1948లో మొదలైన ఎన్‌సీసీ కుర్రాళ్ళూ వాటితోనే కవాతు చేశారు. కాబట్టి యూనిఫారం, బ్యాడ్జీ చూడకుండా తుపాకీ ఒక్కదానితో సైనికుడని కూడా చెప్పలేం.

దానికి తగిలించే బాయినెట్టు బాగా ఉపయోగపడతది. 1907 రకం కత్తి పదిహేడు అంగుళాలు, మోచేయంత పొడుగు. రెండో యుద్ధంలో మన దేశంలో దాన్ని పొట్టి చేసి పన్నెండు అంగుళాలకి తెచ్చారు. నడుముకి వేలాడే ఒర పొట్టిగా ఉంటే ఆ ఫోటో రెండో యుద్ధందో, తర్వాతదో అయ్యే అవకాశం ఎక్కువ.

బోల్టు లేకుండా కింద పిడి, ముందు నిలువు మ్యాగజైన్ ఉంటే అది ఎస్‌ఎల్‌ఆర్. చైనా యుద్ధం తర్వాతే మన సైన్యంలోకి వచ్చింది, 1965, 1971 ఫోటోలకి సరిపోద్ది. ప్లాస్టిక్ పిడి, వంపు మ్యాగజైన్ ఉన్న ఇన్సాస్ 1990లలో వచ్చింది, కార్గిల్ ఫోటోల్లో చూసే ఉంటారు. మ్యాగజైన్ పైకి వంకరగా లేచి ఉంటే చాలాసార్లు బ్రెన్ గన్, అది 1930ల చివర్లో మొదలైంది. మ్యాగజైన్ ఎడమ పక్కకి పొడుచుకొస్తే స్టెన్ రకం, 1941 తర్వాతది.

ఇక ఒంటి మీదవి. మోకాలి దాకా గుడ్డ పట్టీలు చుట్టి, ఛాతీకి అడ్డంగా తోలు బెల్టులో తూటాల జేబులు ఉంటే మొదటి యుద్ధం వైపు ఆలోచించండి. ఛాతీ మీద రెండు పెద్ద కాన్వాసు సంచులు, చీలమండ దగ్గర కాన్వాసు పట్టీ ఉంటే అది 1937 రకం. కానీ ఆ కాన్వాసు సామాను స్వాతంత్ర్యం తర్వాత కూడా చాలా ఏళ్ళు వాడారు, కాబట్టి 1937కి ముందుది కాదు అనే వరకే చెప్పగలం. అంచు లేకుండా గొట్టంలా నిటారుగా లేచిన టోపీ ఉంటే మద్రాస్ శాపర్స్. బ్రిడ్జీలు, రోడ్లు వేసే దళం, మొదటి యుద్ధంలో ఇరాక్ వైపు పనిచేసింది.

భుజం మీద ఇత్తడి అక్షరాలుంటే భూతద్దం పెట్టి చదవండి. ఆర్ఐఏఎస్‌సీ అని ఉంటే, అందులో 'ఆర్' అంటే రాయల్. ఆ మాట 1935లో వచ్చింది, 1950లో పోయింది. అంటే ఫోటోకి పదిహేనేళ్ళ గడువు దొరికినట్టే. ఐఈఎంఈ అయితే 1943లో పుట్టిన దళం. బ్యాడ్జీలో కిరీటం ఉంటే 1950 జనవరి 26కి ముందు, సింహాలుంటే తర్వాత. 1947 ఆగస్టు 15న కిరీటం పోయిందనుకుంటారు గానీ, రిపబ్లిక్ అయ్యేదాకా ఉంది. జమేదారు అని రాసి ఉంటే 1965కి ముందు, ఆ ఏడాది నుంచి ఆ హోదాని నాయిబ్ సుబేదారు అన్నారు.

మద్రాస్ పదాతి దళాల్ని ఇంగ్లీషోళ్ళు మొదటి యుద్ధం తర్వాత ఒక్కొక్కటిగా తీసేశారు, 1920ల చివరికి ఏవీ మిగల్లేదు. దక్షిణాది వాళ్ళు యుద్ధ జాతులు కాదన్నది వాళ్ళ వాదం. రెండో యుద్ధంలో మనుషులు కావలసొచ్చి మళ్ళీ లేపారు. అందుకని 1930 నాటి ఫోటోని మద్రాస్ రెజిమెంటు అని ఎవరైనా చెప్తే, శాపర్స్ ఏమో చూడమనండి.

ఫోటో కంటే గట్టి సాక్ష్యం పతకం. మొదటి యుద్ధం పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. బీరువాలో నల్లబడ్డ బిళ్ళ ఉంటే చింతపండు పెట్టి తోమొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి ఎండలో పక్కకి వాల్చి చదవండి. ఆరు మొనల కంచు నక్షత్రాలు రెండో యుద్ధానివి, బర్మా, ఆఫ్రికా, ఇటలీ అని దాని మీదే ఉంటది. సమర్ సేవా స్టార్ 1965ది, పూర్వీ, పశ్చిమీ స్టార్లు 1971వి.

రెండు జాగ్రత్తలు. స్టూడియోలో తుపాకీలు, టోపీలు అరువు ఇచ్చేవాళ్ళూ ఉండొచ్చు, ఒంటికి సరిపడని యూనిఫారం కనపడితే అనుమానించండి. రెండోది, నెగెటివ్ తిరగేసి కడిగితే ఎడమ కుడి అవుద్ది. త్రీనాట్‌త్రీ బోల్టు పిడి కుడి పక్కన ఉండాలి, పతకాలు ఆయన ఎడమ ఛాతీ మీద ఉండాలి. రెండూ తారుమారైతే ఫోటోయే తిరగబడింది.

రికార్డుల్లో వెతికేటప్పుడు మన జిల్లా పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు. మొదటి యుద్ధం నాటికి ఏలూరు ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉంది. పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడింది. 2022 నుంచి మనం ఏలూరు జిల్లా, గూడెం పశ్చిమ గోదావరి. ఏలూరుని అప్పట్లో ఎల్లోర్ అని రాసేవాళ్ళు. ఈ పేర్లన్నీ పెట్టి వెతకండి. తిరిగి రానివాళ్ళ పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో డబ్బులు లేకుండా చూడొచ్చు. బర్మాలో సమాధి కూడా లేనివాళ్ళ కోసం రంగూన్ దగ్గర కట్టిన స్మారకం మీద దాదాపు 27,000 పేర్లున్నాయి. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి.

ఈ కోతలు అయ్యాక ఖాళీ దొరికితే ఒక పని చేయండి. ఫోటోని ఫ్రేము నుంచి జాగ్రత్తగా తీసి వెనక ఏముందో చూడండి, స్టూడియో ముద్ర, ఊరి పేరు, పెన్సిలు రాత ఏదో ఒకటి ఉండొచ్చు. ముందూ వెనకా ఫోన్లో ఫోటో తీసుకోండి. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో, పెదనాన్నో ఉంటే ఆయన పేరు, ఏ ఏడాది వెళ్ళాడు, ఏ రైలెక్కాడు అడిగి కాగితం మీద రాసి పెట్టండి. తుపాకీ, టోపీ కాలం చెప్తాయి గానీ ఆ మనిషి పేరు చెప్పవు. అది చెప్పగలిగినోళ్ళు ఇప్పుడు ఊరికి ఇద్దరో ముగ్గురో మిగిలారు.