మరల తిరుగుచున్న ప్లేట్లు

హైదరాబాదు నగరమునకు పడమటి వైపున, గండశిలల నడుమ, నానక్‌రామ్‌గూడ యను చిన్న పల్లె యుండెడిది. 1998లో మాదాపూరునందు సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట నగరము ఆ దిక్కునకే ప్రాకినది. 2007లో ఆ ప్రాంతము మహానగర పాలక సంస్థలో కలిసినది. 2023 మార్చిలో అమెరికా కాన్సలేటు గూడ బేగంపేటను విడిచి అచ్చటికే తరలినది. నేడచ్చట చూచిన వైపెల్ల ఆకసము నంటు మేడలు; వానిలో రేయింబవళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుండు యువజనులు. చేతిలోని ఫోనునందు లోకములోని పాటలన్నియు దొరకుచుండగా ఈ యువజనులలో కొందరు గ్రామఫోను ప్లేట్లు కొనుచున్నారని విన్నప్పుడు మాకు నమ్మకము కలుగలేదు. చూచి రావలెనని బయలుదేరితిమి.

మేము వెళ్లినది మాకు వరుసకు అన్నకొడుకగు నొక యువకుని యింటికి. గదిలో సోఫాకన్న ముందు కంటబడునది రికార్డులు తిప్పు యంత్రము. “బాబాయ్, కాఫీ తరువాత. ముందు ఇది వినండి” అని అతడు ఘంటసాల వేంకటేశ్వరరావు గారి భగవద్గీత ప్లేటును జాగ్రత్తగా అంచులు పట్టుకొని యంత్రముపై నుంచెను. ఆ మహాగాయకుడు తన చివరి దినములలో పాడిన గీత అది. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూసిన పిమ్మట గాని ప్లేటు రూపమున లోకమునకు అందలేదు. ఆ కంఠము గదినిండ వ్యాపించుచుండగా మేమిరువురము మాటలాడలేదు. ఫోనులో దొరకుదానికి ఇంత ధర యెందుకని మేమడిగితిమి. “ఫోనులో అయితే పాట పూర్తి కాకుండానే మార్చేస్తాను బాబాయ్. దీన్ని మార్చాలంటే లేచి వెళ్లాలి. అందుకని వింటాను” అని అతని సమాధానము. కుంటిసాకు కాదు, మంచి కారణమే యని మాకు తోచినది.

ఇట్లు తలచువా రతడొక్కడే కాదు. అమెరికాలో 2022వ సంవత్సరమున 4 కోట్ల 10 లక్షల వినైల్ ప్లేట్లు అమ్ముడుపోగా, సి.డి.లు 3 కోట్ల 30 లక్షలు మాత్రమే అమ్ముడైనవట. ప్లేట్లు సి.డి.లను మించుట 1987 తరువాత అదే మొదటిసారి. ఆ గాలి మన దేశమునకును వీచినది.

అసలు కథ ఆ తరువాత జరిగినది. తెనాలిలో పాత యిల్లు అమ్మినప్పుడు తెచ్చిన తాతగారి రేకు పెట్టె నతడు మా ముందు తెరచెను. కుక్కబొమ్మ ప్లేట్లు, ఓడియన్, హచ్చిన్స్ ప్లేట్లు. పైన తెలుగు నాటకముల పేర్లు. ఒక పద్యపు ప్లేటును ఎంతో ఆశతో యంత్రముపై నుంచి త్రిప్పగా, వినవచ్చినది కృష్ణుని కంఠము కాదు, కుంభకర్ణుని గుర్రు! పిల్లవాడు నవ్వెను గాని మాకు నవ్వు రాలేదు.

కారణము చెప్పవలెనన్న కొంత వెనుకకు పోవలెను. ఎమిలీ బెర్లినర్ 1887లో అమెరికాలో గ్రామఫోనునకు పేటెంటు పొందెను. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నాతడు యంత్రములతో కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలగువారి పాటలు పట్టుకొని పోయెను. ఆ పాటలు జర్మనీలోని హానోవరులో అచ్చై ఓడలపై మరల మన దేశమునకు వచ్చెడివి. కొలది యేండ్లకే కలకత్తాలోనే అచ్చువేయు కర్మాగారము వెలసినది. ఆ ప్లేట్లు చేయుటకు వాడిన పదార్థము మాత్రము మనదే: లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు పెట్టు లక్కకు రాతిపొడియు మసియు కలిపి, వేడిచేసి, అచ్చులో అదిమెడివారు. చార్మినారు ప్రక్క లాడ్ బజారులో గాజులు చేయునదియు లక్కతోనే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇచ్చటి లక్క చాలినంత అందక అమెరికాలో ప్లేట్ల కంపెనీలు పాత ప్లేట్లను తిరిగి కొని కరిగించినవి.

లక్క ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల ప్లేటులో ఒక వైపున మూడు నిమిషములకు మించి పట్టదు. గంటలకొలది కచేరీ చేయు విద్వాంసులకు ఇది సంకెల. మన నాటకపు పద్యమునకో, కొలిచి కుట్టించిన చొక్కా! ఒక పద్యము, దానికి ముందు వెనుకల రాగము, ఒక వైపునకు సరి. అదిగాక 1925 వరకు మైకు లేదు. పెద్ద కొమ్ములోనికి పాడవలెను. దీపాల వెలుగులో వేలమందికి వినబడునట్లు పద్యము చదివిన గొంతులకు కొమ్మొక లెక్కా? తరువాత మైకు వచ్చినను ఆ పద్యముల గిరాకి తగ్గలేదు. కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యములు, డి. వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర, స్త్రీ పాత్రలలో ప్రసిద్ధికెక్కిన స్థానం నరసింహారావు గారి పాటలు, నాటక మెన్నడును చూడని పల్లెలకు గూడ ప్లేట్ల రూపముననే చేరినవి. కీ యిచ్చుటకొక పిల్లవాడు, ముల్లు మార్చుటకొక పెద్దమనిషి, అరుగు నిండ జనము.

మైకు వచ్చుటతో మెల్లగా పాడువారికి గూడ చోటు దొరకినది. సాలూరు రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి గారల లలితగీతములు, ఘంటసాల గారి పుష్పవిలాపము అట్లు ఇంటింటికి వచ్చినవి. ఆ ప్లేట్లనే రేడియో కేంద్రములు వేలకొలది శ్రోతలకు వినిపించినవి.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైలుతో చేసిన లాంగ్ ప్లే ప్లేటును విడుదల చేసెను. అది నిమిషమునకు 33 చుట్లు పైచిల్లర మాత్రమే తిరుగును, వైపునకు ఇరువది నిమిషములకు పైగా పాడును, క్రింద పడినను పగులదు. మన దేశములో మాత్రము 1960 దశాబ్దిలో గూడ లక్క ప్లేట్లు వచ్చుచునే యుండెను. పిమ్మట కేసెట్టు వచ్చి రెండింటిని మూలకు నెట్టినది.

నానక్‌రామ్‌గూడలో జరిగినది ఇప్పుడు తెలిసినదిగదా. నేటి యంత్రములు పెక్కింటికి 33, 45 అను రెండు వేగములే కలవు. 78 చుట్ల ప్లేటును 33 వేగమున త్రిప్పినచో మూడు నిమిషముల పద్యము ఏడు నిమిషములగును. స్వరము ఒక స్థాయికిపైగా దిగిపోవును. ముల్లు సంగతి మరియొకటి. లక్క ప్లేటు గాడి వెడల్పు. నేటి సన్నని ముల్లు దాని అడుగున చేరి దుమ్మును తప్ప మరేమియు చదువదు. పోనీ, అలంకారమునకై అమ్ముచున్న కొత్త ఇత్తడి కొమ్ము గ్రామఫోనులపై వేయుదమా? వాని మొద్దు ముల్లు నూరు గ్రాముల బరువుతో గాడిని దున్నివేయును. హోటళ్ల గోడలకు మేకులు కొట్టి తగిలించిన ప్లేట్లను చూచినప్పుడెల్ల మాకు కడుపు మండును.

కంపెనీలు నేడు మరల అచ్చువేయుచున్నవి ఎక్కువగా అమ్ముడుపోవు సినిమా పాటలు. వానిని కొను కుర్రవారిని తప్పుపట్టము. కాని తెలుగు రంగస్థలపు పాత కంఠములు పెక్కు వినైలు నెక్కలేదు, లక్కపైననే యున్నవి. హచ్చిన్స్ వంటి కంపెనీలు ఎన్నడో అంతరించినవి; అట్టివారి ప్లేట్లకు మిగిలిన ప్రతి, ఏ యింటి అటకపైననో ఉన్న ప్రతియే కావచ్చును. కొందరు సేకర్తలు ఓపికతో వానిని కంప్యూటరులోని కెక్కించి ఉచితముగా వినిపించుచున్నారు. వారి చేతికి రాకముందే పగిలిన వెన్నో! మా యింటిలోనే ముప్పదికి పైగా ప్లేట్లు ఒకదానిమీద నొకటి పేర్చి పెట్టి, పై బరువునకు క్రిందివి చీలిపోవువరకు చూడనివారము మేము. పుస్తకములవలె నిలువుగా పెట్టవలెనని తెలిసినది చాల ఆలస్యముగా. స్పిరిటుతో తుడువరాదని తెలిసినది అంతకన్న ఆలస్యముగా. స్పిరిటు లక్కను కరిగించును.

ఈ మాటలన్నియు విని మా యువకుడు పెట్టెలోని ప్లేట్లను ఒక్కొక్కటిగా తీసి, గోడవారగా నిలువుగా పేర్చెను. ఒకదాని కాగితపు సంచిపై తాతగారి చేతివ్రాత: “ముల్లు మార్చి వేయవలెను.” మరుసటి వారమే అతడు 78 వేగము గల యంత్రమును, వెడల్పు ముల్లును తెప్పించుకొనెను. మొన్న ఆదివారము రాత్రి ఫోను చేసి, ఏమియు మాటలాడక, ఫోనును యంత్రము దగ్గర పెట్టెను. గరగర చప్పుడు, ఆపై హార్మోనియము, ఆపై తాతగారి కాలపు కృష్ణుడు, సరియైన శ్రుతిలో.