పక్కింటి యుద్ధబండి

ఎండ కాసిన ఆదివారమైతే చాలు, మా పక్కింటి పెద్దాయన షెడ్డు తలుపులు బార్లా తెరిచి యుద్ధబండిని బయటికి తీస్తాడు. నాలుగు చక్రాల ఉక్కుబండి, నెత్తిన చిన్న టరెట్, ముదురాకుపచ్చ రంగు. కుక్కను తిప్పే ఆవిడ పక్కకు జరిగి దారిస్తుంది. పిల్లలు చెయ్యి ఊపుతారు. పోలీసు కారు ఎదురైతే కానిస్టేబులూ చెయ్యి ఊపుతాడు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని పూల్ పట్టణానికి నర్సు ఉద్యోగం మీద వచ్చిన కొత్తల్లో ఇది చూసి నాకు నోట మాట రాలేదు. మన మందమర్రిలో ఎవరన్నా ఇంటి ముందు ఇట్లాంటిది నిలబెడితే పొద్దుగూకకముందే జీపు రాదా?

ఇక్కడ రాదు. ఆయన జీవితమంతా ప్లంబింగ్ పని చేసినవాడు, సైన్యంలో ఎన్నడూ లేడు. బండి పేరు ఫెరెట్. డైమ్లర్ కంపెనీ వీటిని 1952 నుంచి 1971 దాకా నాలుగు వేలకు పైగా తయారు చేసింది. శత్రువు ఎక్కడున్నాడో చూసి వెనక్కి రావడమే దీని పని. మన సైన్యం కూడా వాడింది. పాతబడ్డాక బ్రిటిష్ సైన్యం వేలం వేస్తే రైతులు, మెకానిక్‌లు, బడి పంతుళ్లు కొనుక్కున్నారు. తుపాకీ ఉంటే అది ఇక పేలకుండా చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు. ఇట్లాంటి బండ్లు బాగుచేసుకునేవాళ్లకు 1968లో మొదలైన సంఘం కూడా ఒకటుంది, ఇప్పుడు దాని పేరు మిలిటరీ వెహికల్ ట్రస్ట్.

పోయిన వేసవిలో అమ్మానాన్నలు నా దగ్గరికి వచ్చారు. నాన్న సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో కుదురుగా కూర్చోలేడు. రెండో రోజుకే గోడ అవతల స్పానర్ చప్పుడు విని వెళ్లి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దాయన లోపలికి రమ్మని చేత్తోనే పిలిచాడు. బల్ల మీద ఫెరెట్ గేర్‌బాక్సు విప్పి ఉంది.

ఆ గేర్‌బాక్సు సంగతి చెప్పాలి. మామూలు బండిలో క్లచ్ పెడల్ ఉండే చోట దీనికి గేరు పెడల్ ఉంటుంది. ముందుగా ఒక చిన్న లివరుతో ఏ గేరు కావాలో ఎంచుకోవాలి. అప్పుడేమీ జరగదు. పెడల్ పూర్తిగా తొక్కి వదిలినప్పుడే ఆ గేరు పడుతుంది. సగమే తొక్కితే పెడల్ ఎదురుతన్ని కాలి ఎముక మీద కొడుతుంది. లోపల డ్రమ్ములు, వాటి చుట్టూ బ్యాండ్లు. ఏ బ్యాండు ఏ డ్రమ్మును బిగించి పట్టుకుంటే ఆ గేరు. ముందుకు 5 గేర్లు, వెనక్కీ 5. శత్రువు కంటపడితే బండి తిప్పుకునే వ్యవధి ఉండదు కదా, వచ్చినంత వేగంగానే వెనక్కి పోవాలి. నాన్న బ్యాండు అంచును బొటనవేలితో తడిమాడు. "గిది మన బాయిల హాలేజీ బ్రేకు లెక్కనే ఉంది బిడ్డా" అన్నాడు. బొగ్గుబాయిలో టబ్బులను తాడుతో గుంజే హాలేజీ ఇంజను డ్రమ్మును కూడా అట్లాగే పట్టి ఆపుతారు. బ్యాండు అరిగితే బిగించేదెట్లా అని అడగమన్నాడు. పెడల్ పదేపదే తొక్కుతుంటే లోపలి అమరిక దానంతట అదే బిగుసుకుంటుందని పెద్దాయన చెప్పాడు. నాన్న ఆ అమరికను వేలితో చూపించి తల ఊపాడు. ఆ పూట వాళ్లిద్దరికీ నా దుబాసీ పని మళ్లీ అవసరం పడలేదు.

చక్రాలదీ ఒక తిరకాసు ఉంది. ఒకవైపు ముందు చక్రమూ వెనక చక్రమూ ఒకే వేగంతో తిరగాలి. ఒక టైరు కాస్త ఎక్కువ అరిగినా గట్టి తారురోడ్డు మీద లోపలి షాఫ్టుల్లో మెలి పడుతుంది. పెద్దాయన దారిలో ఆగి ఒక చక్రాన్ని ఫుట్‌పాత్ అంచు ఎక్కించి దించుతాడు, మెలి విడిపోతుంది.

ఈ దేశానికి ఇనుము మీద ఇంత మమకారం ఎక్కడిదో అర్థం కావాలంటే మొదటి ట్యాంకు దాకా వెళ్లాలి. దాన్ని తయారు చేసింది ఆయుధాల కార్ఖానా కాదు. లింకన్ పట్టణంలో నూర్పిడి యంత్రాలు, ట్రాక్టర్లు చేసే ఫాస్టర్ కంపెనీ. ముళ్లతీగలు, కందకాలు దాటే బండి కావాలని 1915లో ప్రభుత్వం అడిగితే పొలం పనిముట్లు చేసే చేతులే దాన్ని నిలబెట్టాయి. 1916 సెప్టెంబర్ 15న ఫ్రాన్సులో అది మొదటిసారి యుద్ధంలోకి దిగింది. తర్వాత ట్యాంకులను ఊరూరా తిప్పి, వాటి పక్కన బల్ల వేసి, జనంతో యుద్ధ బాండ్లు కొనిపించారు. యుద్ధం ముగిశాక బాగా డబ్బు పోగుచేసిన 260కి పైగా ఊళ్లకు తలా ఒక ట్యాంకు బహుమతిగా ఇచ్చారు. మన ఊళ్లలో గాంధీ విగ్రహం ఉండే చోట వీళ్ల చౌరస్తాల్లో అది నిలబడింది. తర్వాత చాలావరకు తుక్కుకింద పోయాయి. కెంట్‌లోని యాష్‌ఫర్డ్‌లో మాత్రం 1919లో ఇచ్చిన ట్యాంకు ఇప్పటికీ అక్కడే ఉంది. అది బతకడానికి కారణం వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1929లో దాని కడుపులో కరెంటు సబ్‌స్టేషన్ పెట్టారు. ఊరికి కరెంటు ఇస్తున్నదాన్ని తుక్కుకు ఎవరు వేస్తారు?

మాకు దగ్గర్లోని బోవింగ్టన్‌లో ట్యాంకుల మ్యూజియం ఉంది. 1923లో అక్కడికి వచ్చిన రచయిత కిప్లింగ్, పాడుబడుతున్న మొదటి యుద్ధపు ట్యాంకులను చూసి మ్యూజియం కట్టమని సలహా ఇచ్చాడట. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో జర్మన్ల దగ్గర పట్టుకున్న టైగర్ ట్యాంకు అక్కడే ఉంది. 1990లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి పనిచేసి దాన్ని మళ్లీ నడిపించారు. ఆ ఇంజను మొదలవగానే జనం లేచి నిలబడతారు. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది, భయం కూడా వేసింది. దాని ముందు నిలబడి చచ్చినవాళ్ల మనవలు కూడా ఆ గుంపులో ఉండే ఉంటారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది కెన్ స్మాల్ కథ. డెవన్ తీరంలోని టోర్‌క్రాస్‌లో ఉండే ఆయన తీరం వెంట నడుస్తుంటే తూటాలు, గుండీలు, సైనికుల వస్తువులు దొరికేవి. సముద్రంలో ఒక షెర్మన్ ట్యాంకు ఉందని మత్స్యకారుల వల్ల తెలిసింది. అమెరికా ప్రభుత్వం దగ్గర దాన్ని 50 డాలర్లకు కొన్నాడు. బయటికి తీయడానికి 1984 దాకా పట్టింది. అక్కడి తీరంలో నార్మండీ దండయాత్రకు సాధన చేస్తున్న అమెరికా సైనికుల మీద 1944 ఏప్రిల్ 28న జర్మన్ పడవలు దాడి చేశాయి. 749 మంది చనిపోయారు. చాలా ఏళ్లు ఆ సంగతి జనంలోకి రాలేదు. వాళ్లకు స్మారకంగా ఆ ట్యాంకును ఒడ్డున నిలబెట్టాడు. ఏ రాజూ మంత్రీ కాదు, అతిథిగృహం నడుపుకునే మామూలు మనిషి.

ఆ షెర్మన్‌ను చూపించినప్పుడు నాన్నకు పోలీస్ యాక్షన్ యాదికొచ్చింది. 1948 సెప్టెంబర్ 13న జనరల్ చౌధురి దళం షోలాపూర్ దిక్కు నుంచి నిజాం రాజ్యంలోకి వచ్చినప్పుడు దానితో ట్యాంకులూ వచ్చాయి. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. మా తాత రజాకార్లకు భయపడి ధాన్యం పాతిపెట్టుకున్న మనిషి, ట్యాంకులు వచ్చినయంటే ఆయనకు పండుగ. అదే యంత్రం ఒకచోట విడుదల, ఇంకోచోట చావు.

ఇంకోచోట ఊరు పోవడం కూడా. ట్యాంకు ఫిరంగుల సాధన కోసం 1943 డిసెంబర్‌లో టైన్‌హామ్ అనే పల్లెను, చుట్టుపక్కల ఇళ్లను సైన్యం ఖాళీ చేయించింది. 225 మంది క్రిస్మస్ ముందు ఇళ్లు వదిలారు. గుడిని జాగ్రత్తగా చూసుకోండి, మేం తిరిగొస్తామని చర్చి తలుపుకు చీటీ అంటించి పోయారు. 1948లో ప్రభుత్వం ఆ నేలను శాశ్వతంగా తీసేసుకుంది. ఇప్పటికీ అది సైన్యానిదే, ఫిరంగులు పేలని రోజుల్లో చూడటానికి వదులుతారు. పాత బండ్లను సైన్యం జనానికి అమ్మింది, ఊరిని మాత్రం ఊరివాళ్లకు ఇవ్వలేదు. నాకిది మింగుడు పడదు.

అమ్మానాన్నలను అక్కడికి పెద్దాయనే తీసుకెళ్లాడు. ఫెరెట్‌లో వద్దు, ఆ ఊరికి ఆ బండిలో పోకూడదు అని కారు తీశాడు. పైకప్పులు లేని ఇళ్ల మధ్య అమ్మ మెల్లగా నడిచింది. అమ్మ పుట్టిల్లు కొదురుపాక, మిడ్ మానేరు జలాశయం నీళ్ల కింద పోయింది. అక్కడి గడప పక్కన నిలబడి అమ్మ వాళ్ల వాకిలి, వేపచెట్టు, బతుకమ్మను మానేరుకు మోసుకుపోయిన దారి అన్నీ చెప్పింది. కాలనీలో కొత్త ఇల్లు కట్టుకున్నా అమ్మమ్మ చివరిదాకా "మా ఊరికి పోదాం" అనే అంటుండేది. ఊళ్లు మునిగితే పొలాలకు నీళ్లు వచ్చాయి, నేను కాదనను. కానీ నీళ్లు తాగిన పొలాలు ఒకరివి, మునిగిన వాకిళ్లు ఇంకొకరివి. నేను ఈ దేశపు ఊరి గురించి రాద్దామనుకుని కూర్చున్నా, కొదురుపాక పిలుస్తూనే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో అమ్మ నన్ను మోచేత్తో పొడిచి, "ఎకరానికి ఎంత ఇచ్చిండ్రో అడుగు బిడ్డా" అంది. అడిగాను. అక్కడ ఎక్కువమంది కౌలుదార్లని, ఇళ్లూ భూములూ బాండ్ అనే దొర కుటుంబానివని, కాబట్టి వాళ్లకు పెరట్లో పండిన కూరగాయలకు మాత్రమే లెక్కకట్టి ఇచ్చారని పెద్దాయన చెప్పాడు. ఆ దొర కుటుంబమూ వెళ్లక తప్పలేదు, వాళ్ల గడిని తర్వాత చాలావరకు కూల్చేశారు.

అమ్మకు అదంతా చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూసి, "గీడ గూడ దొరలేనా?" అంది. నాన్న ముందు సీట్లో కూర్చుని పెద్దాయనకు దొరల మీద రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర గురించి సైగలతో చెప్పడం మొదలుపెట్టాడు, మిగతాది నన్ను ఇంగ్లిషులో చెప్పమన్నాడు.