సంతానం కోసం ఎదురుచూసే ఇళ్లలో అడగాల్సిన ప్రశ్న: భర్త చేసే పనిలో సీసం ఉందా?

పెళ్లై రెండు మూడేళ్లు గడిచినా పిల్లలు కలగకపోతే మన ఇళ్లలో ముందుగా దవాఖానాకు వెళ్లేది కోడలే. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, మందులు అన్నీ ఆమెకే. అబ్బాయి మాత్రం "నాకేం తక్కువ, బాగానే ఉన్నాను కదా" అనేసి షాపుకు వెళ్లిపోతాడు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం, ఇన్‌ఫెక్షన్లు, హార్మోన్ల తేడాలు, షుగర్, సిగరెట్లు ఇలా చాలా ఉన్నాయి. కారణం అసలు దొరకని కేసులూ తక్కువేం కాదు. అయితే చాలాసార్లు డాక్టర్ అడగనిది, మనం చెప్పనిది ఒకటుంది. అబ్బాయి రోజంతా చేసే పని ఏమిటి?

పాత బ్యాటరీలు పగలగొట్టి ప్లేట్లు కరిగించేవారు, బ్యాటరీ రిపేర్ షాపుల్లో పనిచేసేవారు, రేడియేటర్లకు టంకం పెట్టేవారు, స్క్రాప్ వ్యాపారంలో ఉన్నవారు, పాత పెయింటు గీకే పెయింటర్లు, పాత పెయింటు ఉన్న ఇనుమును కోసే గ్యాస్ కట్టర్లు. వీరందరికీ సీసంతో పని పడుతుంది. ఆటోలో, ఇన్వర్టర్‌లో వాడే బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామిక వాడ మట్టిలో సీసంతో పాటు ఇతర భార లోహాలు మోతాదుకు మించి ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఏనాడో రాశారు. పెట్రోల్‌లో సీసం కలపడం మన దేశంలో 2000లోనే ఆగిపోయింది. చిన్న షాపుల్లో, షెడ్లలో మాత్రం అది ఇంకా చేతుల మీదే ఉంది.

సీసం చర్మం గుండా పెద్దగా లోపలికి పోదు. పొగగా, దుమ్ముగా ఊపిరితో పోతుంది. ఇంకా, కడగని చేతులతో తిన్న తిండితో, తాగిన బీడీతో, నోట్లో వేసుకున్న గుట్కాతో పోతుంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు పెద్దవారి శరీరం కూడా సీసాన్ని మామూలుకంటే చాలా ఎక్కువగా పీల్చుకుంటుంది. రంజాన్‌లో రోజా ఉండి షాపులోనే ఇఫ్తార్ చేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. రోజంతా ఖాళీగా ఉన్న కడుపులోకి మొదట వెళ్లేది ఆ చేతితో పట్టుకున్న ఖర్జూరమే. వజూ చేశాం కదా అనుకోవద్దు. ఉత్త నీళ్లకు సీసం దుమ్ము పూర్తిగా వదలదు, సబ్బుతో రుద్ది కడగాలి.

లోపలికి వెళ్లిన సీసాన్ని శరీరం కాల్షియం అనీ జింక్ అనీ పొరబడుతుంది. వీర్యకణం తలలో ఉండే డీఎన్ఏను గట్టిగా చుట్టి ఉంచే ప్రొటీన్‌కు జింక్ కావాలి. ఆ చోట సీసం చేరితే చుట్ట సరిగా పడదు. మరోవైపు మెదడు నుంచి వృషణాలకు వచ్చే హార్మోన్ల సంకేతాలు కూడా చెదురుతాయి. వీర్యకణాల సంఖ్య తగ్గుతుంది, కదలిక మందగిస్తుంది, వాటి ఆకారమూ దెబ్బతింటుంది. రుమేనియాలో బ్యాటరీ కార్మికులను పరీక్షించిన వైద్యులు ఈ మూడు లోపాలనూ 1975లోనే నమోదు చేశారు. రక్తంలో సీసం డెసిలీటరుకు 40 మైక్రోగ్రాములు దాటినవారిలో నష్టం స్పష్టంగా కనిపిస్తుందని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. 15 దాటినా వీర్యంపై ప్రభావం ఉంటుందనడానికి తగిన ఆధారాలున్నాయని అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2012లో తేల్చింది. అంతకన్నా తక్కువ స్థాయిలో లెక్క అంత స్పష్టంగా లేదు. కాబట్టి కొంచెం సీసం కనపడగానే తప్పంతా దానిదే అనుకోవడం కూడా సరికాదు.

ఒక విషయం ఓపెన్‌గా చెప్పుకోవాలి. మగతనం వేరు, సంతాన సామర్థ్యం వేరు. కోరిక మామూలుగా ఉన్నా, కాపురం బాగానే ఉన్నా వీర్యకణాలు తక్కువగా ఉండొచ్చు. ఈ తేడా తెలియకే చాలామంది పరీక్షకు సిగ్గుపడతారు. ఇంకొందరు బస్టాండ్ పక్కన టెంటు వేసుకున్న "ఖాందానీ హకీమ్" దగ్గరికి వెళ్లి తాఖత్ కోసం కుష్తా తెచ్చుకుంటారు. కుష్తా అంటే లోహాన్ని కాల్చి చేసిన బూడిద. ఆయుర్వేదంలో భస్మం అనేది దాదాపు ఇదే. చదువుకున్న యునానీ వైద్యులు దీన్ని ఎలా తయారు చేయాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్క ప్రకారం చూస్తారు. టెంటులో ఇచ్చే పొట్లంలో ఏముందో ఇచ్చేవాడికే తెలియదు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు షాపుల్లో అమ్మే దక్షిణాసియా ఆయుర్వేద మందులు 70 కొని పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికిందని 2004లో అక్కడి వైద్య పత్రికలో వచ్చింది. అవి సీలు వేసి షాపులో అమ్మిన మందులు. సీసం వల్ల పిల్లలు కలగని మనిషి పిల్లల కోసం మళ్లీ సీసమే మింగడం కంటే ఘోరం ఏముంటుంది!

సుర్మా సంగతి కూడా. సుర్మా పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ బజారులో సుర్మా పేరుతో దొరికే నల్లటి పొడిలో చాలాసార్లు ఉండేది సీసం ఖనిజమే. పెద్దలకంటే పసిపిల్లలకు దీనితో ముప్పు ఎక్కువ, ఎందుకంటే కళ్లు నలిపిన చేయి వెంటనే నోట్లోకి పోతుంది. ఇక సిగరెట్ పొగలో ఉండే కాడ్మియం అనే మరో లోహం కూడా వృషణాలకు చెడ్డదే. అది కిడ్నీలో చేరితే పదేళ్లకు పైగా కదలదు.

మరి ఏం చేయాలి? భార్యకు ఖరీదైన పరీక్షలు రాయించే ముందు భర్తకు వీర్య పరీక్ష చేయించండి. ఖర్చు తక్కువ, నొప్పి ఉండదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు కనీస స్థాయి. అంతకు తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. రిపోర్టు తేడాగా వస్తే మళ్లీ ఒకసారి చేయించాలి. సీసంతో పని ఉంటే దానితోపాటు రక్తంలో సీసం పరీక్ష కూడా అడగండి. మామూలు సంతాన పరీక్షల ప్యాకేజీల్లో ఇది ఉండదు, పేరు చెప్పి అడిగితేనే రాస్తారు. పిల్లలు కావాలనుకునే కార్మికులకు, ఆడవారైనా మగవారైనా, ఇది 30 లోపు ఉండాలని అమెరికా కార్మిక భద్రతా నిబంధనలు 1978 నుంచీ చెబుతున్నాయి. అది పాత గీత. ఎంత తగ్గితే అంత మంచిది.

ఒంట్లోంచి సీసాన్ని తీసే మందులు ఉన్నాయి గానీ అవి ఎక్కువ విషం ఎక్కినవారికి, డాక్టర్ పర్యవేక్షణలోనే. చాలామందికి అసలు చికిత్స సీసం నుంచి దూరం కావడమే. షాపు వదిలేయమంటే తిండి ఎవరు పెడతారని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కరిగించే పని మానేసి బ్యాటరీలు అమ్మే కౌంటర్‌కు మారగలిగితే మేలు. అది కుదరకపోతే పొయ్యి గాలి వచ్చే చోట పెట్టడం, దుమ్ముకూ పొగకూ తగిన మాస్క్ వాడటం, షాపులో తినకపోవడం, పొగ తాగకపోవడం. మూతికి కట్టిన రుమాలు పొగను ఆపదు.

రక్తంలో సీసం నెల రోజుల్లో దాదాపు సగానికి తగ్గుతుంది. కానీ ఏళ్ల తరబడి ఈ పని చేసినవారి ఎముకల్లో దాగిన సీసం మెల్లగా మళ్లీ రక్తంలోకి వస్తూ ఉంటుంది కాబట్టి వారికి ఎక్కువ కాలం పడుతుంది. కొత్త వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు, బయటికి రావడానికి మరో రెండు వారాలు. అందుకే దూరమైన మూడు నెలలకు ముందు మళ్లీ వీర్య పరీక్ష చేయిస్తే ఏమీ తెలియదు.

పని బట్టలు షాపులోనే విప్పి, స్నానం చేసి ఇంటికి రావాలి. ఆ బట్టల్ని ఇంట్లో వాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు. ఇంట్లో ఇప్పటికే చిన్నపిల్లలుంటే వాళ్లకు కూడా సీసం పరీక్ష చేయించమని పిల్లల డాక్టర్‌ను అడగండి. పిల్లల్లో 3.5 మైక్రోగ్రాములు వచ్చినా అమెరికా వైద్య సంస్థలు కారణం వెతకమంటాయి.