పుత్తూరు కట్టు నుంచి పిండికట్టు దాకా

ఎముక విరిగినవారికి రాయలసీమ పల్లెల్లో తరతరాలుగా వినవచ్చే సలహా "పుత్తూరుకు పోండి" అన్నదే. పూర్వపు చిత్తూరు జిల్లాలోని ఆ ఊరి సమీపాన ఉన్న రాచపాళెంలో కొన్ని రాజుల కుటుంబాలు ఈ కట్టు వైద్యాన్ని వంశపారంపర్యంగా సాగిస్తూ వచ్చాయి. 1881లో ఇది ఆరంభమైనదని ప్రతీతి. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలు: ముఖ్యమైన సామగ్రి ఇంతే. మద్రాసు నుంచి వాయవ్యంగా సాగిన రైలుమార్గం అప్పటికి పదేళ్ల క్రితమే, 1871లో, రాయచూరు చేరింది. పుత్తూరు, కడప, ఆదోని మూడూ ఆ దారిలోనివే. కనుక కడప, కర్నూలు సీమల వారికి పుత్తూరు దూరమైనా అందని చోటు కాలేదు.

ఈ పద్ధతి మూలాలు ఇంకా ప్రాచీనమైనవి. మర్రి, రావి, మేడి వంటి చెట్ల బెరళ్లను, వెదురును బద్దలుగా వాడాలని సుశ్రుతుడు చెప్పాడు. చలికాలంలో ఏడు రోజులకు, సమశీతోష్ణ కాలంలో అయిదు రోజులకు, వేసవిలో మూడు రోజులకు కట్టు మార్చమన్నాడు. మరీ వదులైతే ఎముక నిలవదనీ, మరీ బిగువైతే వాపు, నొప్పి, చీము కలుగుతాయనీ హెచ్చరించాడు.

ఆసుపత్రిలో మనం చూసే పిండికట్టు వయస్సు అంతకంటే చాలా తక్కువ. 1851లో హాలెండు దేశపు సైనిక వైద్యుడు ఆంటోనియస్ మాథైసన్ గుడ్డపట్టీలకు జిప్సం పొడి పట్టించి, తడిపి చుట్టే విధానాన్ని కనుగొన్నాడు. అది నిమిషాల్లో గట్టిపడుతుంది. క్రిమియా యుద్ధంలో రష్యా వైద్యుడు పిరొగోవ్ పిండికట్టును విస్తృతంగా వాడాడు. 1895లో ఎక్స్‌రే వచ్చిన తరువాత, ఎముక సరిగా కూర్చున్నదో లేదో కంటితో చూసి నిర్ణయించడం సాధ్యమైంది.

మీరు గమనించవలసింది ఒకటున్నది. వెదురు బద్ద గానీ, పిండికట్టు గానీ ఎముకను అతికించవు. అతికించేది శరీరమే. విరిగినచోట గూడుకట్టిన నెత్తురు నుంచి మొదట మెత్తని కండె, క్రమంగా గట్టి ఎముక ఏర్పడతాయి. కట్టు చేసే పని ఎముకను సరైన వరుసలో, కదలకుండా నిలపడం మాత్రమే. అందువల్లనే పెద్దగా స్థానం తప్పని విరుగుళ్లు, ముఖ్యంగా పిల్లలలో, శస్త్రచికిత్స లేకుండానే నయమవుతాయి.

అయితే ఆ కట్టే ప్రమాదకారి కూడా కాగలదు. పుత్తూరు కట్టు పుట్టిందని చెప్పే ఆ 1881లోనే జర్మనీ వైద్యుడు ఫోల్క్‌మాన్ ఒక వైకల్యాన్ని వర్ణించాడు. బిగువు కట్టువల్ల నెత్తురు అందక కండరాలు చచ్చి, వేళ్లు గోళ్లవలె ముడుచుకుపోతాయని ఆయన వివరించాడు. సుశ్రుతుడు చెప్పిన జాగ్రత్తకు ఇది మరొక సాక్ష్యం. నాటు కట్టయినా, ఆసుపత్రి కట్టయినా ఈ ముప్పు ఒకటే.

కనుక కట్టు ఎవరు వేసినా మొదటి రెండు రోజులు వేళ్లను కనిపెట్టి ఉండండి. నొప్పి తగ్గక పెరుగుతున్నా, వేళ్లు చాపితే భరించలేకున్నా, తిమ్మిరెక్కినా, చల్లబడినా, పాలిపోయినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే కట్టు వదులు చేయించండి. నెత్తురు అందని కండరానికి ఉన్న గడువు కొద్ది గంటలే. ఎముక చర్మాన్ని చీల్చుకొని వచ్చినా, కీలు చితికినా, తుంటి విరిగినా నేరుగా శస్త్రచికిత్స వసతి గల ఆసుపత్రికే వెళ్లండి. ఎక్స్‌రే లేకుండా ఏ కట్టూ వేయించుకోకండి.