ఉగ్గుగిన్నె ఉండగా.. సీసా ఎందుకు?

పిండిన తల్లిపాలను బిడ్డకు పట్టే తీరు ఇదీ

శ్రీకాకుళం, విజయనగరం: పలాస జీడిపప్పు పరిశ్రమల్లో పప్పు ఒలిచే మహిళలు, వరి ఉభాలకు వెళ్లే కూలీలు, చేపల తట్టలతో పొరుగూళ్లకు బయలుదేరే మత్స్యకార మహిళలు, పట్టణాల్లోని ఉద్యోగినులు.. ప్రసవించిన కొద్ది నెలలకే వీరందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. తల్లి పనిలోకి వెళితే చంటిబిడ్డకు పాలెలా? అనేక ఇళ్లలో డబ్బాపాలు, ఆవుపాలే దీనికి సమాధానమవుతున్నాయి. తల్లి తన పాలను పిండి ఇంట్లో ఉంచి వెళ్లినట్లయితే వీటి అవసరం రాదు. ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీరు కూడా అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేస్తోంది.

పిండితే తరగవు
పాలు పిండితే తరిగిపోతాయన్నది అపోహ. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు ఊరుతాయి. ఖాళీ చేయకుండా వదిలేస్తేనే క్రమంగా తగ్గిపోతాయి. అందువల్ల పనిచేసే చోట కూడా సుమారు మూడు గంటలకోసారి పాలు పిండాలి. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బొటనవేలు, చూపుడువేలు నల్లని వలయానికి కాస్త వెనుకగా ఉంచి, ఛాతీ వైపు నొక్కి, ఆపై రెండు వేళ్లనూ దగ్గరకు తెస్తూ పిండాలి. చర్మాన్ని రుద్దరాదు. చనుమొనను లాగరాదు. రెండు వైపులా మార్చి మార్చి పిండితే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

నిల్వ ఎంతసేపు?
నీటిలో మరిగించి ఆరబెట్టిన మూత గిన్నెలో పాలు భద్రపరచాలి. 25 డిగ్రీల ఉష్ణోగ్రత వరకు నాలుగు గంటలు నిల్వ ఉంటాయి. మన ప్రాంతంలో ఎండాకాలం వేడి అంతకు మించుతుంది కనుక ఇంకా ముందే పట్టేయాలి. ఫ్రిజ్‌లో లోపలి భాగాన ఉంచితే నాలుగు రోజుల వరకు వాడవచ్చు. పైన మీగడలా తేలితే విరిగినట్లు కాదు, మెల్లగా కదిపితే కలుస్తుంది. పొయ్యిపై కాచకుండా, గిన్నెను వేడినీటిలో ఉంచి గోరువెచ్చన చేయాలి. బిడ్డ తాగగా మిగిలిన పాలను రెండు గంటలు దాటితే పారబోయాలి.

సీసాతో చిక్కులు
సీసా మెడలో, పీకలో అంటుకున్న పాలను పూర్తిగా శుభ్రపరచడం కష్టం. అక్కడ పెరిగే క్రిములు విరేచనాలకు దారితీస్తాయి. పైగా సీసా నుంచి పాలు సులువుగా వస్తాయి. దానికి అలవాటు పడిన బిడ్డ రొమ్ము పట్టేందుకు మొరాయించవచ్చు. అందుకే పిండిన పాలను ఉగ్గుగిన్నె లేదా చిన్న కప్పుతో పట్టాలని వైద్యులు సూచిస్తున్నారు. ఆసుపత్రుల్లో తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు సైతం ఈ తరహా గిన్నెతోనే పాలు పడుతుంటారు.

బిడ్డను ఒడిలో సగం కూర్చున్నట్లు పట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనించి వంచాలి. నోట్లో పోయకుండా, బిడ్డే చప్పరించేలా చూడాలి. తాగాక భుజంపై వేసుకుని తేన్పు తెప్పించాలి. తల్లి వాసన తగిలితే బిడ్డ రొమ్ము కోసమే మారాం చేస్తుంది కనుక నానమ్మో, అమ్మమ్మో పట్టడం మేలు. పనిలోకి వెళ్లే రెండు వారాల ముందు నుంచే అలవాటు చేయాలి. పూర్వం ఇదే గిన్నెతో పట్టిన ఆముదం, తేనె మాత్రం పసిబిడ్డకు తగవు. సీసా తప్పనిసరైతే ప్రతిసారీ విడిభాగాలుగా తీసి కడిగి మరిగించాలి. బిడ్డను పడుకోబెట్టి పట్టరాదు.

చట్టం ఏమంటోంది?
పాలసీసాలు, డబ్బాపాల ప్రకటనలను, ఉచిత నమూనాల పంపిణీని 1992 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. 2003లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవు 26 వారాలకు పెరిగింది. 50 మంది, ఆపై సిబ్బంది ఉన్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం నెలకొల్పాలి. బిడ్డకు 15 నెలలు వచ్చే వరకు పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలివ్వాలి. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ హక్కులున్నాయి. రోజు కూలీలకు మాత్రం ఇవి అందడం అరుదు. వారి బిడ్డలకు పిండిన పాలే రక్ష.

బిడ్డ రోజుకు ఆరుసార్ల కంటే తక్కువగా మూత్రం పోసినా, తల్లికి రొమ్ము గడ్డకట్టి జ్వరం వచ్చినా ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్‌ఎంకు గానీ తెలిపి వెంటనే వైద్యుని సంప్రదించాలి.