పసిబట్టల లోపలి చీటీ

పసిపాప జుబ్బా తిరగేసి చూస్తే, పక్క కుట్టులో వేలెడంత కూడా లేని తెల్ల చీటీ ఒకటి ఉంటుంది. నీళ్ల తొట్టి, త్రిభుజం, చతురస్రం, ఇస్త్రీపెట్టె, వృత్తం అని వరసగా బొమ్మలు. గుచ్చుకుంటుందని చాలా ఇళ్లలో తొడిగిన మొదటి రోజే దాన్ని కత్తిరించేస్తారు. పాప ఒళ్లు కందే మాట నిజమే. అయినా పారేసే ముందు ఒక్కసారి చదవాలని నేను గట్టిగా చెబుతాను.

ఒకప్పుడు ఈ చీటీ అవసరమే లేదు. తాతగారి మెత్తబడిన పాత పంచె, అమ్మమ్మ నూలు చీర చించి పొత్తిళ్లు చేసేవారు. చాకిరేవులో బట్టలను చవుడు నీళ్లలో ముంచి, బానల మీద ఉబ్బకు పెట్టేవారు. నూలు ఆ వేడిని ఓర్చుకుంటుంది. బట్ట అంచున నల్లజీడి రసంతో రజకులు పెట్టే గుర్తు అది ఎవరింటిదో చెప్పేది. ఎలా ఉతకాలో వాళ్ల చేతికే తెలుసు.

కృత్రిమ దారాలు వచ్చి ఆ చేతివాటాన్ని తికమక పెట్టాయి. 1930లలో నైలాన్, 1941లో బ్రిటన్‌లో పాలియెస్టర్ పుట్టాయి. చూడటానికి నూలు బట్టా, ఈ కొత్త బట్టా ఒకేలా ఉంటాయి. ఒకటి మరిగే నీళ్లకు తట్టుకుంటుంది, ఇంకొకటి ముడతలు పడిపోతుంది. పైగా ఇంటింటికీ వాషింగ్ మెషీన్ వచ్చింది. 1958లో పారిస్‌లో బట్టల చీటీల మీదే అంతర్జాతీయ సమావేశం జరిగింది, 1963లో అక్కడే ఈ గుర్తులను చూసుకునే జినెటెక్స్ సంస్థ ఏర్పడింది. యూరప్‌లో దేశానికో భాష కాబట్టి వాళ్లు బొమ్మలను నమ్ముకున్నారు. అమెరికా మాటల దారి పట్టింది: 1971లో చేసిన నియమం 1972 జూలైలో అమలుకొచ్చింది. బట్ట ఉన్నన్నాళ్లూ చీటీ ఊడకూడదు, అక్షరాలు చెరగకూడదు. బొమ్మలను అక్కడ 1997లో గాని ఒప్పుకోలేదు. ఈ గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 3758, 1991లో వచ్చింది. జపాన్ 2016 దాకా సొంత గుర్తులే వాడింది.

తొట్టిలో 40 అని ఉంటే 40 డిగ్రీల నీళ్లు కావాలని కాదు, అంతకు మించకూడదని. చల్లనీళ్లలో నిక్షేపంగా ఉతకవచ్చు. తొట్టి కింద గీత ఉంటే మెషీన్‌ను నెమ్మదిగా తిప్పాలి. త్రిభుజం మీద ఇంటూ ఉంటే బ్లీచింగ్ జోలికి పోకూడదు.

ఈ కథలో పసిపిల్లల అధ్యాయం నిప్పుతో మొదలైంది. రాత్రి దుస్తులంటుకుని పిల్లలు కాలిపోతున్నారని, 1971లో అమెరికా వాటికి అగ్ని నిరోధక ప్రమాణం పెట్టింది. తయారీదారులు ట్రిస్ అనే రసాయనం అద్దారు. 1977లో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే శాస్త్రవేత్తలు అది జన్యువులను మార్చగలదని హెచ్చరించారు. అదే ఏడాది దాన్ని నిషేధించారు. మరుసటి ఏడు బ్లమ్ బృందం పదిమంది పిల్లల మూత్రంలో ఆ రసాయనపు ఆనవాళ్లు కనుగొంది. వారిలో ఎనిమిది మంది వేసుకున్నవి బాగా ఉతికిన దుస్తులే. ఉతికితే అన్నీ పోతాయన్న మన నమ్మకానికి అంతకన్నా గట్టి దెబ్బ ఏముంటుంది?

అగ్ని నిరోధక దుస్తుల చీటీ మీద సబ్బు వాడవద్దని రాయడం కూడా ఊరికే కాదు. సబ్బు కఠిన జలంతో కలిస్తే తెల్లటి మడ్డి కడుతుంది. అది పోగులకు పట్టి, మంటను అడ్డుకునే గుణాన్ని దెబ్బతీస్తుంది. బోరు నీళ్లతో ఉతికే మన ఇళ్లకు ఆ మడ్డి కొత్తేమీ కాదు; మామూలు నూలు లంగోటీని కూడా అదే బిరుసెక్కిస్తుంది. చీటీకి గుడ్డ గురించే తెలుసు, పాప చర్మం గురించి తెలియదు. కొత్త బట్టను తొడగకముందే ఓసారి ఉతకడం, నురగ పోయేదాకా జాడించడం ఇంట్లోవాళ్లే చూసుకోవాలి.

ఇప్పుడు ఈ చీటీలు మన దగ్గరే కుడుతున్నారు. తిరుపూరు నుంచి పసిబట్టలు ప్రపంచమంతా వెళ్తాయి. పసిబట్టలకే పేరుపడ్డ కేరళ సంస్థ కిటెక్స్ వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వచ్చింది.

మళ్లీ రాత్రి దుస్తుల దగ్గరికి వస్తే, 1996లో అమెరికా తన అగ్ని నిరోధక ప్రమాణాన్ని సడలించి, తొమ్మిది నెలల లోపు పిల్లల దుస్తులకూ, ఒంటికి అతుక్కుని ఉండే వాటికీ మినహాయింపునిచ్చింది. బిగుతుగా ఉంటే బట్టకూ ఒంటికీ మధ్య గాలి ఆడదు, మంట తొందరగా అందుకోదు. అలాంటి నూలు దుస్తుల మీద, ఇది మంటను ఆపదు, ఒంటికి సరిపడా బిగుతుగానే తొడగాలి అన్న హెచ్చరిక 2000 నుంచి తప్పనిసరి. అమెరికా నుంచి వచ్చే బంధువులతో మనం చెప్పే మాట, ఎదిగే పిల్లలు, ఒక సైజు పెద్దదే తెమ్మని. రాత్రి దుస్తుల విషయంలో మాత్రం ఆ మాట చెప్పకూడదు. సరిగ్గా సరిపోయే సైజే తెమ్మనాలి. ఇంటికొచ్చాక చీటీలో ఉన్న వేడికి మించకుండా ఉతికితే, బట్ట ముడుచుకుపోకుండా కొలతకు నిలుస్తుంది.