షెడ్డు బోర్డుల మూడో బొక్క కథ

మన షెడ్లకు కరెంటు ఎట్ల వచ్చిందో, దాంతోపాటు రావాల్సింది ఏది రాలేదో ఈసారి రాస్తున్న.

మన దిక్కు కరెంటు అంటే ముందుగాల బావికాడి మోటరే. 1959ల ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడ్డది. 1969ల కేంద్రం పెట్టిన గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఊర్ల లైన్లకు, పంపుసెట్ల కనెక్షన్లకు అప్పులిచ్చింది. 2004ల ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చినయి. ఈ మధ్యల ట్రాక్టర్, బ్యాటరీ స్ప్రేయర్, గడ్డి కోసే మిషన్, ఛార్జింగ్ బండి షెడ్డుకు చేరినయి. చాలా షెడ్లకు మాత్రం ఇంట్లకెళ్లి రెండు వైర్లే గుంజి బోర్డు బిగిచ్చిన్రు. మూడోది, ఎర్త్ వైరు, రాలే.

ఎర్త్ కొత్త ముచ్చట కాదు. 1956 విద్యుత్ నియమాల్లనే త్రీఫేజ్ మోటరు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఉండాలని రాసి ఉన్నది. ప్లగ్గు పై పిన్ను పొడుగ్గా ఉండేది కూడా ఎర్త్ అన్నిటికన్నా ముందు తగలాలనే. ఆ బొక్క వెనక వైరు లేకుంటే, మిషన్ బాడీకి కరెంటు దిగినా ఫ్యూజు పోదు. తడి కాళ్లతోని ముట్టుకున్న మనిషిలకెళ్లి భూమిలకు పోతది.

ఫ్యూజు, ఎంసీబీ కాపాడేది వైర్లను. మనిషి కోసం వేరే ట్రిప్పర్ కావాలె. అమెరికాల చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ 1961ల అసొంటిది తయారుచేసిండు. పోయిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు కొద్దిగ తేడా వచ్చినా అది రెప్పపాటుల బంద్ చేస్తది. 1978ల అక్కడి వైరింగ్ నిబంధనలు ఇంటి గ్యారేజీ ప్లగ్గులకు దాన్ని తప్పనిసరి చేసినయి. తడి సిమెంటు నేల, ఇనుప సామాను, ఒట్టి కాళ్లు: మన షెడ్డు కూడా గంతే కదా! మన దగ్గర దాన్ని ఆర్‌సీసీబీ అంటరు. దుకాణంల 30 మిల్లీ యాంప్స్‌ది అడుగుండ్రి.

బోర్డు నడుము ఎత్తుకు పైన, ట్రాక్టర్ కడిగే నీళ్లు, వాన జల్లు తగలని గోడకు ఉండాలె. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదనే పరుచుకుంటది. కింద ప్లగ్గుల నిప్పురవ్వ లేస్తే అంటుకుంటది. బట్టల దండేనికి కట్టిన ఇనుప తీగ కరెంటు వైరు దగ్గరికి పోనియ్యొద్దు.

నాట్లు మొదలైతే ఎవ్వరికీ తీరదు. ఈలోపే వైరింగ్ తెలిసిన మనిషిని పిలిచి, మెయిన్ బంద్ చేపిచ్చి, మూడో బొక్క వెనక వైరు ఉన్నదా, అది భూమిల ఎర్త్ దాకా పోయిందా చూపిచ్చుకోండ్రి. ఆర్‌సీసీబీ పెట్టినంక దాని టెస్ట్ బటన్ నెలకోసారి ఒత్తుండ్రి. ట్రిప్ కాకుంటే వెంటనే మార్పియ్యాలె.